నిలకడ

మళ్ళీ నీలం తెర పడింది.

"అయిపోయింది! ఇక నా కొంప మునిగినట్టే!" అంటూ అతను తల పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. గీసిన బొమ్మల్ని వీడియోగా మార్చే రెండరింగ్ సగం దాకా రావడం, కంప్యూటర్ కుప్పకూలడం. పొద్దుట్నుంచీ ఇదే వరస. సాయంత్రానికల్లా కొత్త ఆసుపత్రి వీడియో ఆర్కిటెక్టుకి అందాలి. ఇంకా పునాదైనా పడని భవనాన్ని కంప్యూటర్లో కట్టి, గదిగదీ తిప్పి చూపించడం అతని వృత్తి. సొంతంగా సంపాదించుకున్న మొదటి పని ఇది. ఇది చేజారితే రెండోది ఎవడిస్తాడు?

ప్రాసెసర్ మామూలు వేగంతో నడిస్తే ఈ పని రేపటికి కూడా తెమలదు. అందుకని తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు దాటించి, దాని వేగం పెంచాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. పరిగెత్తడం బాగానే పరిగెత్తుతోంది గానీ, దారి మధ్యలో చతికిలబడుతోంది.

"పైకెళ్ళి బావగారి సిస్టం మీద చేసుకోరాదూ? అది పెద్దది కదా," అంది భార్య గుమ్మంలోంచి.

"చచ్చినా వెళ్ళను. క్లయింటు ముందు నన్నేమన్నాడో మర్చిపోయావా? 'మా వాడికి తొందరెక్కువ, నిలకడ తక్కువ' అన్నాడు. ఇప్పుడు పోయి ఆయన ముందే చెయ్యి చాపనా?"

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వృత్తి, ఒకటే ఇల్లు. అన్న మేడ మీద, తమ్ముడు కింద. ఆ మాట పుట్టినప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చేతిలో ఫోన్ ఉంది.

"నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఇలాంటివి బాగా తెలుసు. అడగనా?"

"ఎవరాయన? మీ ఆఫీసులోనా?"

"మీకు పేరు కావాలా, పని కావాలా?"

"పనే కావాలి తల్లీ. అడుగు."

ఆమె ఏదో రాసింది. జవాబు వచ్చింది. "ముందు వేడి ఎంతుందో చూడమంటున్నారు."

"చూశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వేడి హద్దులోనే ఉంది."

"అయితే వేగం కాస్త తగ్గించి పరీక్ష పెట్టాలట."

తగ్గించాడు. పరీక్ష ప్రోగ్రాం నడిపాడు. ప్రాసెసర్‌కి ఊపిరి సలపనివ్వకుండా లెక్కలు చేయించే ప్రోగ్రాం అది. దాన్ని తట్టుకుంటే దేన్నయినా తట్టుకున్నట్టే. తట్టుకోలేదు.

"వోల్టేజీ రవ్వంత పెంచమంటున్నారు. రవ్వంతే సుమా, అని మరీ మరీ రాశారు."

పెంచాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు నడిచింది. అతని మొహం వికసించేలోపే నీలం తెర మళ్ళీ ప్రత్యక్షమైంది.

"మీ పెద్దాయన వల్లా కాలేదు. నా తలరాతే ఇంత!" అని మౌస్‌ని బల్ల మీద గిరవాటేశాడు.

ఫోన్‌లో మళ్ళీ మెసేజీ వచ్చింది. ఆమె చదివి, అతనివైపు ఓరగా చూసింది. "ప్రాసెసర్‌తో పాటు మెమరీ వేగం కూడా పెంచేశారేమో అడగమంటున్నారు."

అతను నాలిక్కరుచుకున్నాడు. పనిలో పని అని అదీ పెంచేసిన మాట నిజమే.

"మెమరీ స్టిక్కులు రెండూ ఒక జత కాదు కదా, అవి ఆ వేగానికి ఆగలేవంటున్నారు. వాటిని మామూలు వేగానికి దించేసి, ప్రాసెసర్ ఒక్కదాన్నే చూసుకోవాలట. ఒకసారికి ఒకటే మార్చాలట. అన్నీ కలిపి మార్చేసి, పాపం ప్రాసెసర్‌ని తిడితే ఏం లాభం, అంటున్నారు."

"స్టిక్కులు జత కాదని ఆయనకెలా తెలుసు?"

"అనుభవం మరి," అంది ఆమె, ఫోన్ మీంచి తలెత్తకుండా.

మెమరీని దించాడు. పరీక్ష మొదలైంది. ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. తెర రంగు మారలేదు. పరీక్ష చివరిదాకా నడిచి నెగ్గింది. రెండరింగ్ మొదలుపెడితే అదీ ఎక్కడా తొట్రుపడకుండా సాగి, ఎండ తగ్గే వేళకి పూర్తయింది. వీడియో పంపిన కాసేపటికి ఆర్కిటెక్టు ఫోన్ చేసి, "బ్రహ్మాండంగా ఉందండీ. తరవాతి భవనం కూడా మీరే చేస్తున్నారు," అన్నాడు.

అతను ఫోన్ పెట్టేశాడు. గుండెలమీంచి బండ దించినట్టుంది.

"ముక్కూ మొహం తెలియని మనిషి! తన పని మానుకుని నా కోసం కూర్చున్నాడు. విసుక్కోలేదు. 'ఈమాత్రం తెలియదా' అని ఒక్క మాట అనలేదు. తోడబుట్టినవాళ్ళయినా ఇంత చేస్తారా చెప్పు!"

"ఆ మాట రాసెయ్యనా?"

"రాయి. ఇల్లెక్కడో కూడా కనుక్కో. ఫోన్లో చెప్పి ఊరుకునే సాయం కాదిది. ఆయన రెండు చేతులూ పట్టుకుని చెబితే గానీ నాకు తృప్తి ఉండదు," అంటూనే అతను బండి తాళం తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆమె రాసింది. ఈసారి జవాబు వెంటనే రాలేదు. వచ్చాక ఆమె దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని, చీర చెంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏమంటారు? చాలా దూరమా?" అన్నాడు అతను కంగారుగా.

"బండి అక్కర్లేదట. చెప్పులు కూడా అక్కర్లేదట. మేడమెట్లెక్కి రమ్మంటున్నారు."