ఏడు గాట్లు

మంగళవారం తెల్లవారేసరికి నాలుగో వరస ఖాళీగా ఉంది. ఐదు మోటర్‌హోములు నిలబడాల్సిన చోట ఐదు నూనె మరకలు మిగిలాయి.

లింకన్‌షైర్‌లోని ఆ యార్డు ఒకప్పుడు విమానాల మైదానం. నూట నలభై కుటుంబాలు వేసవి సెలవుల్లో ఇల్లులా వాడుకునే బండ్లు చలికాలమంతా అక్కడే ఉంటాయి. చక్రాలకు ఇనప బిగింపులు, గేటుకు నంబరు తాళం, స్తంభానికో కెమెరా. లోపల దోచుకోవడానికి ఏమీ లేదని దొంగలకు కనబడేలా కిటికీ తెరలు తీసే ఉంచాలని రూలు కూడా ఉంది. అయినా దొంగలు వచ్చారు. కెమెరా వైర్లు కత్తిరించారు. ఆఫీసులో తాళాల పెట్టె పగలగొట్టారు. గేటు జోలికి మాత్రం పోలేదు. నంబరు నొక్కితే అదే బుద్ధిగా తెరుచుకుంది.

"ఆ నంబరు ఎవరెవరికి తెలుసు?" పోలీసావిడ అడిగింది.

"బండి పెట్టుకున్న ప్రతివాళ్లకీ తెలుసండీ. వాళ్ల పిల్లలకీ, అల్లుళ్లకీ కూడా" అన్నాడు కాపలా ఉండే క్లైవ్.

"మిమ్మల్నెవరూ బెదిరించలేదుగా? అవతలి యార్డులోనైతే దొంగలు కాపలాదారు ఇంటికే వెళ్లారు. అతని మనవరాలు ఏ బళ్లో చదువుతోందో చెప్పి మరీ వచ్చారట."

"నా దాకా ఎవరొస్తారండీ!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. పోలీసావిడ నిట్టూర్చి, అల్లుళ్ల పేర్లు రాసుకునే పనిలో పడింది.

కొత్త బండ్లు పోగొట్టుకున్న నలుగురూ ఫోన్లోనే క్లైవ్‌ను కడిగేశారు. ఐదో బండి గ్లెనిస్‌ది. శుక్రవారం ఆవిడ బస్సెక్కి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్ల నాటి బండి, తుప్పు తప్ప ఇంకేం లేదు. ఆవిడ అరవలేదు. సంచిలోంచి అల్లం బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"అందరూ నీ మీదే పడుతున్నారటగా. ముందు ఇవి తిను నాయనా" అంది.

క్లైవ్ డబ్బా మూత తీయలేదు.

"బండి పోతే పోయింది. ఆ బీరువా తలుపొక్కటి దొరికితే చాలు."

ఏ తలుపో క్లైవ్‌కు తెలుసు. వాళ్ల పాప హేజెల్ బతికున్న రోజుల్లో, ఏటా ఆగస్టులో సముద్రం ఒడ్డున బండి ఆగగానే, తండ్రి వాల్టర్ ఆ పిల్లను బట్టల బీరువా తలుపుకు ఆనించి నిలబెట్టేవాడు. తల ఎంతవరకు వస్తే అక్కడ చాకుతో గాటు పెట్టేవాడు. నాలుగో ఏట మొదలుపెట్టాడు. పదో ఏటి గాటు ఆఖరిది. ఆ తర్వాత పెట్టడానికి పిల్ల లేదు.

ఇప్పుడు వాల్టర్‌కు చూపు పోయింది. ప్రతి ఆదివారం యార్డుకు వచ్చి, ఆ ఏడు గాట్ల మీద వేళ్లు పెట్టుకుని గంటసేపు కూర్చుని వెళ్లేవాడు.

"నాలుగు రోజులైంది, టీ కూడా ముట్టట్లేదయ్యా" అంది గ్లెనిస్. "కుర్చీ చేతి మీద వేళ్లతో వెతుక్కుంటున్నాడు. ఆ దొంగ వెధవలకి కాస్త జాలి ఉంటే, ఆ తలుపు తెచ్చి ఈ గేటు దగ్గర పడేసి పోకూడదూ!"

"వాళ్లకేం తెలుస్తుందమ్మా, ఆ గాట్లేమిటో."

"అదీ నిజమేలే. నీకు తప్ప పరాయివాళ్లెవరికీ చూపించలేదు. మా అక్కక్కూడా."

క్లైవ్ కిటికీ వైపు తిరిగాడు. ఏడుపొచ్చేలా ఉంది అతనికి.

"వెతుకుతానమ్మా. మీ బండి దొరకాలి. ఎలాగైనా దొరకాలి."

అన్నట్టే వెతికాడు. అతను ఫోను చెయ్యని పాత ఇనుము దుకాణం లేదు. పెట్రోలు బంకుల్లో ఆ బండి ఫొటో అంటించాడు. సెలవురోజున తన కారులో పొలాల దారులన్నీ తిరిగాడు.

"ఈ మధ్య మనవరాల్ని బడికి దింపేదీ నువ్వే, తెచ్చేదీ నువ్వే. ఇక ఊరివాళ్ల బండ్లు కూడా నువ్వే తేవాలా?" అని భార్య దెప్పింది.

మరుసటి శనివారం పోలీసావిడ ఫోను చేసింది. కొత్త బండ్లు నాలుగూ సముద్రం దాటిపోయాయి. పాతదాన్ని ఎవడూ కొనడు కదా, పాడుబడ్డ ఇటుక బట్టీ వెనక తగలబెట్టారు.

ఆ కబురు క్లైవే స్వయంగా తీసుకెళ్లాడు. వాల్టర్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు.

"చెక్క సామానేమైనా మిగిలిందా బాబూ?"

"బట్టీ దగ్గర ఇనప చట్రమే ఉందండీ."

వాల్టర్ తలూపాడు. "పదో ఏడు వచ్చేసరికి ఇక్కడిదాకా ఉండేది" అని చెయ్యి గాల్లోకి లేపాడు. ఎంత ఎత్తో సరిగ్గా తెలియక ఆ చెయ్యి కాస్త పైకీ, కాస్త కిందకీ కదిలి, ఒళ్లో పడిపోయింది.

గ్లెనిస్ వీధి తలుపు దాకా వచ్చి క్లైవ్ చేతులు రెండూ పట్టుకుంది. "మా కోసం నువ్వు పడ్డ పాటు సొంతవాళ్లు కూడా పడరు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా."

క్లైవ్ ఇంటికి వెళ్లాడు. భార్య టీకి పిలిచింది. వస్తున్నానని చెప్పి పెరట్లోని షెడ్డులోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు.

గడ్డికోత మిషను పక్కకు జరిపి, పాత దుప్పటి విప్పి, దొంగలకు గేటు నంబరు చెప్పిన సాయంత్రం ఇదొక్కటైనా మిగలాలని తన చేతులతోనే మరలు విప్పి దాచిన ఆ తలుపు మీద, ఏడు గాట్లనూ ఒక్కొక్కటిగా తడిమాడు.