తడి మెట్లు

ఊళ్లో ఉన్న మూడు యూనివర్సిటీల్లోనూ నాకు సీటొచ్చింది. మొదటిదే మేలని మాస్టారు నొక్కి చెప్పారు. కానీ అక్కడ మెట్లు తుడిచేది మా అమ్మ. ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా రెండోదాంట్లో చేరాను.

మొదటిరోజు కొత్త స్నేహితురాలితో కబుర్లాడుతూ మెట్లెక్కుతుంటే, ఎదురుగా బకెట్టుతో అమ్మ!

నన్ను చూసి ఒక్కక్షణం కొయ్యబారిపోయింది. వెంటనే తల దించుకుంది.

"తడిగా ఉందండీ, చూసి నడవండి" అంది, ఎవరో పరాయివాళ్లతో అన్నట్టు.

నేను ఆగలేదు.

సాయంత్రం ఇంట్లో అమ్మే ముందు నోరు విప్పింది.

"నువ్వు మొదటిదాంట్లోనే చేరతావనుకున్నానే. నీకు నామోషీ ఎందుకని సూపర్‌వైజర్ని బతిమాలి రెండోదానికి మార్పించుకున్నా. మూడోదాంట్లో ఖాళీ ఉందట. రేపు వెళ్లి అడుగుతాలే."