చల్లటి నీళ్ళు వాడికి పడవు

మెడలో టేపు అలాగే వేలాడుతుండగా దర్జీ చర్చి ఆఫీసు గదిలోకి దూసుకొచ్చింది. చంకలో కుట్టు పూర్తికాని తెల్ల అంగీ.

“రేపటి బాప్తిస్మాల్లో వాడి పేరు ఎవరు కొట్టేశారు?”

బల్ల చుట్టూ సంఘ పెద్దలు ఐదుగురూ ఉన్నారు. నలుగురు తలలు దించుకున్నారు. ఐదో ఆయన కొత్త కార్యదర్శి. రిటైరైన హెడ్‌మాస్టరు. ఈ ఊరొచ్చి నెల కూడా కాలేదు.

“నేనేనమ్మా. తాగి బండి నడిపి, పన్నెండేళ్ళ పిల్లని పొట్టన పెట్టుకున్నాడట. జైలు నుంచి వచ్చి రెండు వారాలు కాలేదు. కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చోమను, తర్వాత చూద్దాం.”

“ఆరేళ్ళు కూర్చునే వచ్చాడు మాస్టారూ. ఇంకా ఎంత కూర్చోబెడతారు?”

బల్ల చివర కూర్చున్న పాస్టరుగారు ఏదో చెప్పబోయారు. మాస్టారు చెయ్యెత్తి ఆపేశారు. ముప్పై ఏళ్ళు పిల్లకాయల నోళ్ళు మూయించిన చెయ్యి మరి!

“చూడమ్మా, అంగీ కుట్టడం నీ పని. ఎవరికి కుట్టాలో చెప్పడం మా పని.”

దర్జీకి ఒళ్ళు మండింది.

“మీరు చెప్పకముందే కత్తిరించేశా. చేతులు పాత కొలతకే సరిపోయాయి. ఛాతీ దగ్గరే నాలుగు వేళ్ళు తగ్గించాల్సొచ్చింది, చిక్కి సగమయ్యాడు. ఇంకో మాట. చల్లటి నీళ్ళు వాడికి పడవు. తొట్టిలో రెండు బకెట్లు వేడినీళ్ళు పోయించండి.”

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది.

“వాడికి జలుబు చేస్తుందనా నీ దిగులు! పోయిన ఆ పిల్ల తల్లి గురించి ఆలోచించావా? ఆవిడ మొహం చూసి ఈ మాట అనగలవా?”

పక్కనున్న పెద్దాయన మాస్టారి చొక్కా పట్టుకుని లాగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

“ఆ తల్లిని నేనే,” అంది దర్జీ.

మాస్టారు చేతిలో కలం బల్ల మీద పెట్టేశారు.

“నా కోసమే కదా వాడిని ఆపారు. ఐదేళ్ళు నేనూ ఆపాను లెండి. అందరూ ‘మా తండ్రీ’ అని ప్రార్థన చేస్తుంటే పళ్ళు బిగించుకుని నిలబడేదాన్ని. దేవుడితో పోట్లాడాను. ‘నీకేం, నీ కొడుకు మూడో రోజుకి లేచొచ్చాడు. నా పిల్ల రాలేదే!’ అని అరిచాను.”

చంకలోంచి జారబోయిన అంగీని సర్దుకుంది. ఆవిడ తగ్గలేదు.

“ఓ రోజు మిషన్ తొక్కుతుంటే తట్టింది. ఆ కొడుకుని సిలువకి మేకులు కొట్టినవాళ్ళూ ఆయన పిల్లలే కదా! పోయినవాడూ ఆయన బిడ్డే, చంపినవాళ్ళూ ఆయన బిడ్డలే. ఇక ఎవరిని వదులుకుంటాడు ఆ తండ్రి? నా కడుపుకోత తెలిసినవాడు ఆయనొక్కడే అనిపించింది. కుడుతున్న గుడ్డలోనే మొహం దాచుకుని ఏడ్చాను. మొదటిసారి ‘తండ్రీ’ అన్నాను. గుండెల మీద బండ దించినట్టయింది. మర్నాడే జైలుకెళ్ళి వాడిని చూశాను. ఆయన ఇంట్లోకి వాడిని రావద్దనడానికి నేనెవర్ని? మీరెవరు?”

“తప్పయిపోయిందమ్మా,” అన్నారు మాస్టారు. కొట్టేసిన పేరు తన చేత్తోనే మళ్ళీ రాశారు. అక్షరాలు వంకరపోయాయి.

దర్జీ గుమ్మం దాకా వెళ్ళింది. మాస్టారు పద్ధతి మనిషి కదా, అడగకుండా ఉండలేకపోయారు.

“అమ్మా, రేపు వాడి పక్కన అయినవాళ్ళు ఒకరు నిలబడాలి. వాడిని కన్నతల్లి ఉందా? కబురు పెడితే వస్తుందంటావా?”

దర్జీ వెనక్కి తిరిగింది.

“ఇందాకట్నుంచి మీతో పోట్లాడుతున్నది ఆవిడే కదా మాస్టారూ!”