హాజరు లేని పిల్ల

"మీ పాపకి వినికిడి మిషన్ రాదమ్మా. బడికి హాజరు పది శాతమైనా లేదు," అన్నారు మండల విద్యాధికారి నాగేశ్వరప్రసాద్.

పిల్ల తల్లి పాపాయి తెల్లబోయింది. "అదేంటండి! రోజూ నేనే గుమ్మం దాకా దింపుతున్నాను కదండి. జొరమొచ్చినా మానిపించలేదండి."

"ఏమంటారు మాస్టారూ?" అన్నారు అధికారి.

మూడో తరగతి మాస్టారు మురళీకృష్ణ రిజిస్టరు ముందుకు జరిపాడు. అరవై మంది పిల్లలు. తల వంచుకుని గబగబా పేర్లు చదవడం, పలకనివాళ్ళకి ఆబ్సెంట్ వేయడం అతని పద్ధతి.

"పిలిస్తే పలకదండి. పలక్కపోతే రానట్టే కదండి."

"అంతే మరి, రూలు రూలే. అయినా అన్యాయం జరక్కూడదు. పిల్లని ఇప్పుడే విచారిద్దాం." అధికారి ఫైల్లోకి చూస్తూ గట్టిగా పిలిచారు. "హర్షితా!"

తల్లి కొంగు పట్టుకున్న ఎనిమిదేళ్ళ హర్షిత, కిటికీలోంచి రావులపాలెం వెళ్ళే అరటిగెలల లారీని చూస్తోంది.

"హర్షితా!" మళ్ళీ పిలిచి, తలెత్తకుండానే 'విచారణకు రాలేదు' అని రాయబోయారు.

ఆ వంచిన తల తనదే అనిపించింది మురళీకృష్ణకి. చటుక్కున అధికారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడే ఉందండి. బళ్ళోనూ రోజూ ఉందండి. నేనే తలెత్తి చూడలేదు."

"ఆ మాట రాసిస్తే మెమో మీకొస్తుంది మాస్టారూ!"

"మెమో నాకు రానివ్వండి. మిషన్ పాపకి రానివ్వండి," అంటూ మురళీకృష్ణ పెన్ను తీశాడు.