కొలత లేని చొక్కా

“నొప్పి లేదండీ. పొద్దున కొంచెం మచ్చలా కనిపించింది. ఇందాక మళ్ళీ. ఇప్పుడు మూడో నెల.”

కుట్టుషాపులో బట్టలు తొడుక్కుని చూసుకునే మూల ఉన్న తెర వెనక నుంచి భార్య ఫోన్లో మాట్లాడుతుంటే, చిన్న మాస్టరు చేతిలో కత్తెర దారి తప్పింది. కాలరు ముక్క వంకర పోయింది. పెళ్ళై ఏడాది కాలేదు, అప్పుడే మూడో నెలట. ఎగిరి గంతెయ్యాలో, ఆ మచ్చకు భయపడాలో అతనికి తేలలేదు.

తెర తొలగింది. భర్త మొహం చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

“విన్నారా?”

“విన్నాను. నాతో ఒక మాట చెప్పకూడదా?”

“నాలుగు రోజులాగి తనే చెబుతానన్నారు అత్తయ్య. డాక్టరమ్మ వెంటనే రమ్మంది. ముందు ఆటో పిలవండి.”

అయితే అమ్మకూ తెలుసన్నమాట. ఈమధ్య ఇంట్లో జరుగుతున్న వింతలన్నీ అతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎన్నడూ పండు ముక్క కొనని నాన్న సంచీల కొద్దీ పళ్ళు మోసుకొస్తున్నాడు. అమ్మేమో మోకాళ్ళ నొప్పులని మిషను తొక్కడం మానేసి, గుండీలకు కాజాలు కుడుతూ కూర్చుంటోంది. ఆవిడ వంతు మిషను కూడా ఈ పిచ్చిదే తొక్కుతోంది.

“ఇకమీదట నువ్వు మిషను జోలికి వెళ్ళకు,” అన్నాడు.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను,” అందామె.

ఎంత గుండె నిబ్బరం అనుకున్నాడు.

అమ్మా నాన్నా కూడా ఆటో ఎక్కారు. దారి పొడుగునా అమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. కొడుకు వైపు తల తిప్పలేదు. చిన్న వయసులోనే అతన్ని కన్నది కాబట్టి షాపుకొచ్చేవాళ్ళు ఆవిడను అతని అక్క అనుకుంటారు. ఇవాళ మాత్రం మొహం పాలిపోయి ఉంది. కోడలంటే ఇంత ప్రాణమా అని అతనికి ముచ్చటేసింది.

ఆసుపత్రిలో అత్తాకోడళ్ళు లోపలికి వెళ్ళారు. బయట బల్ల మీద తండ్రీకొడుకులు మిగిలారు. అందరి చొక్కాలకూ వంక పెట్టే పెద్ద మాస్టరు, తన చొక్కా గుండీలే తప్పుగా పెట్టుకొచ్చాడు.

“తప్పంతా నాదేరా,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“మీరేం చేశారు నాన్నా?”

పెద్ద మాస్టరు దగ్గాడు. “బిడ్డ నిలిస్తే చాలు. నవ్వేవాళ్ళు నవ్వనీ,” అన్నాడు.

ఇందులో నవ్వడానికేముందో చిన్న మాస్టరుకు బోధపడలేదు. ఊరికే కూర్చోలేక మనసులోనే ఒక చొక్కా కుట్టడం మొదలుపెట్టాడు. కొలతలు లేవు. జానెడు గుడ్డ చాలేమో. జేబు పెట్టాలా? అంత చిన్న మనిషి జేబులో ఏం వేసుకుంటాడు? అయినా పెట్టాల్సిందే. అంతలో ఆ మచ్చ గుర్తొచ్చింది. చొక్కా సంగతి తర్వాత, ముందా ప్రాణం నిలబడాలి అనుకున్నాడు.

తలుపు తీసుకుని నర్సు వచ్చింది.

“కంగారు పడకండి. తొలి నెలల్లో ఇలా కొద్దిగా కనబడటం చాలామందికి ఉంటుంది. అయినా వెంటనే తీసుకొచ్చి మంచి పని చేశారు. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. మళ్ళీ కనబడినా, నొప్పి వచ్చినా ఆలస్యం చెయ్యకుండా రండి.” ఆమె నవ్వింది. “బిడ్డ తండ్రి లోపలికొచ్చి చూసుకోవచ్చు.”

చిన్న మాస్టరు ఒక్క ఉదుటున లేచాడు. నర్సు వెనకే బయటికొచ్చిన భార్య, అతని భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

పెద్ద మాస్టరు లేచాడు.