మైకుగారి అభిప్రాయాలు

ముందుగదిలో కూర్చుని ఆమె ఊడిపోయిన అట్టకు జిగురు రాస్తోంది.

ఆ ముందుగదే అద్దె పుస్తకాల షాపు. వెనకగదిలో మంచం మీద, ఆ షాపు నడిపిన తండ్రి. పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయాక, వేరే ఊళ్లో చేస్తున్న ఉద్యోగం మానేసి ఆమె ఇక్కడికి వచ్చింది. పుస్తకాలు అంటించడం నేర్చుకుంది గానీ చదవడం అలవాటు కాలేదు.

"మాట రావాలంటే ఈ నాలుగైదు నెలల్లోనే రావాలి," అన్నాడు డాక్టరు. "ఆ తర్వాత కష్టం. ఎవరో ఒకరు పలకరిస్తూ ఉండండి. ఆవేశపడనివ్వొద్దు."

ఆఖరి మాట ఒక్కటే ఆమె కొంగున ముడేసుకుంది.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడయింది.

"వచ్చాడమ్మా మైకు!" గొంతు తగ్గించి అంది, పుస్తకాలు తిరగేస్తున్న దర్జీ ఆవిడ.

మైకు అంటే ఆ పెద్దాయన. పేరు ఎవరూ అడగలేదు. ఒక్కో మాటనూ సాగదీసి, ఆగి ఆగి, నాలుగు వీధులకు వినబడేలా మాట్లాడతాడు. వెనకగది గుమ్మానికి ఎదురుగా ఉన్న స్టూలు తప్ప ఇంకెక్కడా కూర్చోడు.

"డిటెక్టివ్ నవల చదివానమ్మాయ్! హంతకుడు వంటవాడే!"

"రామ రామ! నేను తీసుకుందామనుకున్న పుస్తకమండీ అది," అంది దర్జీ ఆవిడ.

"ఆ ప్రేమ నవలా అంతే. ఇద్దరికీ పెళ్లయిపోయింది. పిల్లాపాపలతో హాయిగా ఉన్నారు. ఉప్పు లేని కూర! దయ్యాల కథ మరీ అన్యాయం. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అంతా పిల్లి చేసిన పని. ఇక ఈ బాగుపడే పుస్తకం ఉంది చూడు, మనిషి పైకి రావాలంటే మధ్యాహ్నం దాకా పడుకోవాలట!"

వెనకగదిలో మంచం కిర్రుమంది. తండ్రి గొంతులో ఏదో గురగుర. పిడికిలితో మంచం పట్టెను కొడుతున్నాడు.

ఆమె పరుగెత్తింది. తండ్రి మొహం జేవురించి ఉంది.

"ఏం కావాలి నాన్నా? మంచినీళ్లా?"

ఆయన గ్లాసు తోసేశాడు.

వెనక్కి తిరిగి చూస్తే, మైకు స్టూలు మీంచి సగం లేచి, మెడ చాచి లోపలికి చూస్తున్నాడు. పైగా నవ్వుతున్నాడు!

ఆమెకు ఒళ్లు మండింది.

వారం తిరక్కుండా దర్జీ ఆవిడ మళ్లీ వచ్చింది.

"ఆ మైకు మాట నమ్మి ప్రేమ నవల పట్టుకెళ్లాను వదినా. పెళ్లట, పిల్లలట! ఆ పిల్ల సగంలోనే చచ్చిపోయింది. ఏడ్చి ఏడ్చి చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టాను. హంతకుడు కూడా వంటవాడు కాదు, మేనల్లుడు!"

"అయితే చదవకుండానే చెబుతున్నాడా?"

"పనీపాటా లేదు కదా. అట్ట చూసి అల్లేస్తాడు."

ఆ సాయంత్రం మైకు వచ్చేసరికి స్టూలు అక్కడ లేదు.

"బాబాయిగారూ, చదవని పుస్తకాల మీద అభిప్రాయాలెందుకండీ? మీ గోలకి మా నాన్నగారు మంచం మీద కొట్టుకుంటున్నారు. పుస్తకం కావాలంటే తీసుకోండి. కబుర్లు మాత్రం వీధిలో చెప్పుకోండి."

ఆయన నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మాట పెగల్లేదు.

దొరికిపోయిన దొంగ మొహం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది ఆమె. వెళ్లి వెనకగది తలుపు మూసింది.

ఆయన చేతికందిన పుస్తకం ఒకటి పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇల్లు సద్దుమణిగింది. తండ్రి గొంతులో గురగుర లేదు. పిడికిలి బిగించడం లేదు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

"ఇప్పుడు నెమ్మదించారు," అని అడిగినవాళ్లకల్లా చెప్పింది.

గడువు దాటాక డాక్టరు వచ్చి చూశాడు. "ఇక ఇంతేనమ్మా," అన్నాడు.

కొన్నాళ్లకు ఒక పెద్దావిడ వచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఆయన తెచ్చుకున్నదమ్మా. గట్టిగా మాట్లాడేవారు, గుర్తున్నారా? మొన్న పోయారు. గుండె."

మైకు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"అయ్యో, బాబాయిగారా!"

"ఒక్కో పుస్తకం రెండుసార్లు చదివేవారు. ఒకసారి కథ కోసం. ఇంకోసారి, ఎక్కడ తప్పు చెబితే మీ నాన్నగారికి కోపమొస్తుందో చూసుకోవడానికి. ఈ షాపులో మీ నాన్నగారు చదవని పుస్తకం లేదుగా! తప్పు చెబితే ఊరుకోలేరు."

ఆమె జిగురు కుంచె కింద పెట్టింది.

"'కా' వచ్చేసిందే, ఇక 'దు' ఒక్కటే మిగిలింది, రేపో మాపో 'కాదు' అనేస్తాడు అని ఒకరోజు ఇల్లంతా తిరిగారు. ఇంతకీ ఎంతదాకా వచ్చిందమ్మా మాట? ఒక్క ముక్క విని వెళతాను."

ఆమె లేచి వెనకగది తలుపు తీసింది.

పెద్దావిడ మంచం పక్కన నిలబడింది.

"అన్నయ్యగారూ, నేనండీ. ఆయనకు మాట పడిపోయినప్పుడు, రోజూ షాపు మూసి మా ఇంటికొచ్చి, కథలన్నీ తప్పుతప్పుగా చెప్పి, తిట్టించుకుని మరీ మాట తెప్పించింది మీరే కదా. మీరు తెప్పించిన ఆ మాటే కదండీ, ఇన్నాళ్లూ ఆయన అంత గట్టిగా మాట్లాడింది!"

గోడవైపు ఉన్న మొహం ఇటు తిరగలేదు.

పెద్దావిడ కాసేపు చూసింది. తర్వాత సంచి భుజాన వేసుకుని, ఆమె వైపైనా చూడకుండా, మాటా పలుకూ లేకుండా గుమ్మం దిగి వెళ్లిపోయింది.