నాలుగింటి బీపీ

ఫిల్మ్ నగర్‌లో పాత ఫైట్ మాస్టర్ హనుమంతు ఇంట్లో నవతకు రాత్రి నర్సు డ్యూటీ. గంటగంటకూ ఆయన బీపీ చూసి చార్టులో రాయాలి. ఎప్పటిలాగే ఆమె తొమ్మిదింటికే తెల్లారి ఆరు దాకా గళ్లన్నీ నింపేసి, హాల్లో షీల్డుల బీరువా పక్కన సోఫాలో నడుం వాల్చింది.

మూడింటికి పేషెంటు బెల్ మోగింది. చార్టు పట్టుకుని పరుగెత్తింది. గదంతా చీకటి. మంచం మీంచి పెద్దాయన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"నా బీపీ ఎంతుంది బిడ్డా?"

"నూట ఇరవై, ఎనభై సార్. ఇప్పుడే చూసిన కదా. నార్మలే."

"గట్లనా? జర చెయ్యి పట్టుకొని చూడు."

నవత తడుముకుంటూ ఆయన మణికట్టు పట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. నాడి లేదు. బెల్ స్విచ్ మీద వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. అలా బిగుసుకోవాలంటే ప్రాణం పోయి ఎన్ని గంటలు కావాలో ఆమె చదువుకుంది.

చార్టు చేతిలోంచి జారిపోయింది.

చీకట్లో ఏదీ కదల్లేదు. గొంతు మాత్రం మళ్లీ వినిపించింది, అంతే నెమ్మదిగా.

"నాలుగింటిది గూడ రాసినవ్ కదా బిడ్డా. జర సదివి చెప్పు."